అరచెయ్యి

నాలుగున్నరకి చేస్తామన్నారు.
నాలుగింటికే ఆసుపత్రి మేడెక్కాను.
సింటెక్స్ ట్యాంకు పక్కన నిలబడి
కనిగిరి కొండవైపు తిరిగితే రెండు గీతల సిగ్నల్.
అటు తిరక్కపోతే గొంతు ముక్కలైపోద్ది.

మొదటిసారి బస్సులో ఎత్తాను.
పామూరు దాటాక కండక్టరు టికెట్ టికెట్ అంటుంటే
"నా బలం ఓర్పు మేడం" అని అరిచాను.
బస్సంతా తిరిగి చూసింది.
వాళ్లు మళ్లీ చెయ్యలేదు.

రెండోసారి గదిలో, తలుపేసుకుని,
రాసుకున్నది రాసుకున్నట్టు చదివాను.
అటువైపు ఆయన మెత్తగా అడిగాడు,
"పేజీ తిప్పుతున్నారా సిస్టర్?"

ఈసారి పాత చార్టు వెనక నాలుగే ముక్కలు:
ఆరేళ్లు. పది మిషన్లు. మూడు షిఫ్టులు. తొందరపడకు.
చివరిది షంషాద్ సిస్టర్ మాట.
నాందేడ్, సిల్చర్, పోర్ట్ బ్లెయిర్,
పదమూడేసి వారాల లెక్కన
దేశమంతా సూదులు గుచ్చి వచ్చిన మనిషి.
"నిలబడి మాట్లాడు సలోమీ,
కూర్చుంటే గొంతు కూడా కూర్చుంటది.
వాళ్లడిగేది అయ్యేదాకా ఆగు.
తెలియంది తెలియదను.
నవ్వు. నవ్వు వినపడద్ది."

అక్కడే నాకు చిక్కు.
ఈ నేల బోరునీళ్లు తాగి మొలిచిన పళ్లు నావి,
గోధుమరంగు చారలు, అంచుల్లో సున్నపు మచ్చలు.
ఏడో తరగతి గ్రూపు ఫోటో నుంచీ
నవ్వొస్తే ముందు అరచెయ్యి లేస్తుంది,
తర్వాతే నవ్వు.
చేతి వెనక నవ్వితే ఫోన్లో దగ్గులా ఉందట.
"ఫోనుకి కళ్లున్నాయా పిచ్చిదానా,
చెయ్యి దించు."

నాలుగూ ముప్పై ఎనిమిది.
కొచ్చి నుంచి ఒక ఆడగొంతు.
నాలాగే పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లీషు,
ఒక్కో మాట తూకం వేసి పెడుతోంది.
"డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతే?"

నీరు లాగడం ఆపుతాను,
కాళ్లు ఎత్తులో పెడతాను, సెలైన్ ఇస్తాను,
డాక్టరుకి చెప్తాను.

"తర్వాత?"

పుస్తకంలో తర్వాత లేదు.
ఆగాను.
ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు.
మూడో బెడ్డు బ్రహ్మయ్య గుర్తొచ్చాడు,
వెలిగండ్ల మనిషి, వారానికి రెండు బస్సు ప్రయాణాలు,
చేతిలో ఎప్పుడూ అదే గళ్ల తువ్వాలు.

"తర్వాత, మీ ఊళ్లో వాన పడిందా పెద్దాయనా
అని అడుగుతాను మేడం.
యాడ పడింది అని తిట్టాడంటే తెలివిలో ఉన్నట్టు.
పడిందన్నాడంటే
పరిగెత్తి మళ్లీ బీపీ చూస్తాను."

అటువైపు ఏమీ లేదు.
సిగ్నల్ పోయిందనుకుని
కొండవైపు ఇంకో అడుగు జరిగాను.
అప్పుడు పగలబడి నవ్విందామె.
నేనూ నవ్వాను.
నా చెయ్యి ట్యాంకు మూత మీద ఉంది.
ఆరేసిన వార్డు దుప్పట్లు తప్ప
చూసేవాళ్లెవరూ లేరు.

"మీరేమైనా అడుగుతారా?"
పోయిన రెండుసార్లూ ఏం లేవు మేడం, థాంక్యూ అన్నాను,
అప్పు తీసుకునే మనిషిలా.
ఈసారి అడిగాను.
ఒక నర్సుకి ఎన్ని మిషన్లు?
రాత్రి షిఫ్టు దిగాక రూముదాకా ఎవరు దింపుతారు?
గదికి లోపలి గడియ ఉందా?
మధ్యలో కాంట్రాక్టు రద్దు చేస్తే
తిరుగు రైలుఛార్జీ ఎవరిది?
రెండింటికి జవాబు చెప్పింది.
రెండు కనుక్కుంటానంది.

"ఇంకొకటి మేడం. అక్కడ నీళ్లెట్టా ఉంటాయి?"
"ఆర్వో ప్లాంటు కొత్తదే, మిషన్లకి ఏ ఇబ్బందీ..."
"మిషన్లకి కాదు మేడం.
మనుషులకి."

ఇక్కడ మా వార్డులో మిషన్లు తాగే నీళ్లు
ఈ ఊళ్లో చాలా ఇళ్ల గుమ్మం తొక్కవు.
అది ఆమెకి చెప్పలేదు.
కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు మాత్రం విన్నాను.

సోమవారం చెప్తారట.
మెట్లు దిగుతుంటే బ్రహ్మయ్య భార్య,
క్యారియరు పట్టుకుని ఎదురొచ్చింది.
"ఏంది సిస్టరూ, నీలో నువ్వే అట్టా నవ్వుకుంటన్నావ్?"

చెయ్యి దానంతటదే లేచింది.